బ్యాండ్లు మ్రోగే తీరాన చలికాలపు అతిథులు



కెనడా దేశపు సస్కాచువాన్, ఆల్బెర్టా ప్రాంతాలలో జనవరి చలి ఒక్కొక్కప్పుడు సున్నాకు దిగువన 30 డిగ్రీలకు పోతుంది. మోకాళ్ల నొప్పులున్న వృద్ధ దంపతులకు వాకిట్లో మంచు ఎత్తిపోసుకోవడమే పెద్ద గండం. గనుక పింఛను మీద బ్రతికే అనేకులు నవంబరు రాగానే మెక్సికో సముద్రతీరానికి దిగివచ్చి, ఏప్రిల్ వరకు అక్కడే కాపురముంటారు. పర్యాటకులుగా వచ్చినవారికి ఆ దేశం ఒక రాకకు 180 రోజులకు మించి ఉండనివ్వదు. వీరు దిగే ఊళ్లలో పేరుపడినది పసిఫిక్ తీరాన, సినలోవా రాష్ట్రంలోని మసత్లాన్.

వచ్చిన మొదటి వారంలోనే వారికి తెలిసివచ్చేదేమంటే, ఇక్కడ ఎండకు కొదువలేదు గాని నిద్రకు కొదువ. తెల్లవారకముందే కోళ్లు, డాబాల మీద కుక్కలు. ఆ వెనుక గ్యాస్ బండల బండి మైకు, 20 లీటర్ల నీళ్ల డబ్బాలవాని కేక, కత్తులు సానపట్టేవాని పిల్లనగ్రోవి. ఇళ్లు సిమెంటువి, నేల పలకలు, కిటికీలు తెరిచే ఉంటాయి. పక్కింటి మాట మీ వంటింట్లో మ్రోగుతుంది! కాని కుళాయి నీరు త్రాగరు గనుక, నీళ్లవాని కేక వినబడనినాడు గాభరాపడేదీ వీరే.

డిసెంబరు 12న గ్వాదలూపె మరియ పండుగ, తారాజువ్వల మోత. 16 నుండి 24 వరకు పోసాదాలు. యోసేపు, మరియ బస వెదకిన సంగతిని తలచుకొని, జనం పాడుతూ ఇంటింటి తలుపు తట్టుతారు. ఊరిలో తిరిగే పైకప్పు మాత్రమే ఉన్న టాక్సీలకు పుల్మోనియా అని పేరు, అనగా న్యుమోనియా. ఎక్కినవారికి జబ్బు పట్టుకుంటుందని ఇతర టాక్సీలవారు ఎగతాళి చేస్తే ఆ పేరే నిలిచిపోయిందట. అందులోనూ పాటలు పెద్దగానే.

అన్నిటికన్నా పెద్దది బ్యాండు. బూరలు, క్లారినెట్లు, ట్యూబా, తంబోరా అనే పెద్ద డోలు. పదిహేనుమంది వరకు ఇసుకలో నిలబడి వాయిస్తారు. సరదాకు వచ్చిన కుటుంబాలు పాటకింత అని ఇస్తాయి. 1938లో ఆ ఊరి సమీపంలోని ఎల్ రెకోదో గ్రామంలో బ్యాండు స్థాపించిన క్రూస్ లిసార్రగా, పందిని అమ్మి క్లారినెట్ కొన్నాడని చెప్పుకుంటారు. 19వ శతాబ్దంలో జర్మనీ నుండి వలసవచ్చినవారి సంగీతం కూడా ఇందులో కలిసిందంటారు. అనగా ఈ చప్పుడులో పరదేశుల పాలు కూడా కొంత ఉన్నదన్నమాట.

2024 మార్చిలో, సరిగ్గా పరిశుద్ధ వారమున, తగాదా వీధికెక్కింది. విదేశీ అతిథులు ఈ మోతకు ఇక రాబోరని హోటళ్లవారు బ్యాండ్లకు హద్దులు కోరారు. ఆ వారమే మెక్సికో కుటుంబాలు తీరానికి విరగబడి వచ్చే వారం, వాయించేవారికి ఏడాదిలో మంచి రాబడి. వారు ట్యూబాలు, డోళ్లు మోసుకొని సముద్రపు ఒడ్డు రోడ్డు మీద వాయిస్తూనే ఊరేగారు. పోలీసులతో పెనుగులాట కూడా జరిగింది. చివరకు పూర్తి నిషేధమేమీ రాలేదు.

నిద్రలేని ముసలివారి బాధ అబద్ధం కాదు. గుండెజబ్బు మనిషికి అర్ధరాత్రి డోలు వేడుక కాదు. అయినా నాకు మాత్రం ఆ డోలువాని పక్షమే న్యాయంగా తోస్తుంది. అక్కడి చట్టం ప్రకారం తీరానికి 50 కిలోమీటర్లలోపు నివాసపు భూమి విదేశీయుని పేర నేరుగా ఉండదు, బ్యాంకు ట్రస్టు పేరనే. ఇల్లు కొన్నవారు సహితం ఆ లెక్కన అతిథులే. పాతకాపులు దీన్ని ఎరుగుదురు. చెవులలో దూది పెట్టుకొని, వెనుక గదిలో ఫ్యాను చప్పుడు మాటున పడుకొంటారు. కొత్తగా వచ్చినవారికి, ఒక శనివారం రాత్రి పడుకొని చూడకుండా ఏ ఇంటికీ అడ్వాన్సు ఇవ్వవద్దని చెప్తారు.

ఏప్రిల్‌లో తాళంచెవి పొరుగింటామెకు అప్పగించి ఉత్తరానికి బయలుదేరుతారు. ఆమె ఆ ఇంటి మొక్కలకు నీళ్లు పోస్తూ, వీధిలో గ్యాస్ బండి మైకు వినబడగానే గేటు దగ్గరకు పరుగెత్తుతుంది.