హిబా పత్రంలో రాయని షరతు

వృద్ధురాలైన తల్లిని కన్నకొడుకే వేధిస్తున్నాడన్న మాట బయటికి పొక్కగానే మనవారు ఇచ్చే మొదటి సలహా ‘సబర్ చేయండి, ఇంటిగుట్టు వీధిన పెట్టకండి’ అని. ముస్లింలను వేలెత్తి చూపడానికి కాచుకున్నవారికి మరో సాకు దొరుకుతుందన్న భయం దీని వెనుక ఉన్నది. ఆ భయం నిరాధారం కాదు. కాని దాని మూల్యాన్ని చెల్లిస్తున్నది పింఛను డబ్బు చేతికందని దాదీ, వసారా మూలకు నెట్టివేయబడిన అబ్బా. పరువు కోసం మౌనం వహించాలో లేదో వారే నిర్ణయించుకోవాలి. జమాత్ పెద్దలు కాదు.

తల్లిదండ్రులను ‘ఉఫ్’ అని సైతం విసుక్కోరాదన్న దివ్యఖుర్‌ఆన్ ఆదేశం బయానుల్లో తరచూ వింటాము. ఒక ముసలితల్లి ఫిర్యాదుతో వచ్చినప్పుడు మాత్రం కొన్ని మసీదు కమిటీలకు ఆమె కొడుకు ఇచ్చే చందా గుర్తుకు వస్తుంది.

అనేక ఇళ్లలో ఈ దుఃఖం హిబాతో మొదలవుతుంది. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం అప్పగింత ఉంటే నోటిమాటగా ఇచ్చిన హిబా కూడా చెల్లుతుంది. మనలో అధికులు అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, స్వాధీనపరిచాక కన్నబిడ్డకిచ్చిన హిబాను వెనక్కి తీసుకోలేరు. ఇల్లు కొడుకు పేరిట మారాక తల్లి అందులో మొదట అతిథి, తరువాత భారం. (కూతుళ్ల వాటాను తప్పించడానికీ ఈ హిబాలే అక్కరకు వస్తున్నాయి, అది వేరే చర్చ.)

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. పోషణ చూడాలన్న షరతుపై ఆస్తి పొందినవారు మాట తప్పితే, 60 ఏళ్లు నిండిన దాత కోరికపై ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయగలదని 23వ సెక్షన్ చెబుతున్నది. అటువంటి షరతు ఉండితీరాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక నోటిమాట హిబాలకు స్వస్తి చెప్పి, పోషణ షరతును పత్రంలో రాయించడం మన పెద్దలు, ఖాజీలు అలవాటు చేయాలి.

ఆర్డీవో వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు వృద్ధుల తరఫున రిజిస్టరైన సంఘం సైతం దరఖాస్తు చేయవచ్చు. పోషణ దరఖాస్తును సాధారణంగా నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. వయోవృద్ధుల సహాయవాణి నంబరు 14567. దానిని నమాజు వేళల పట్టిక పక్కనే రాయించవలసిందిగా ప్రతి మసీదు కమిటీని కోరుతున్నాము.