తలారి చేయి

తెలుగులో ‘తలారి’ అన్న మాట చాలా మెట్లు దిగివచ్చినది. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకులు విజయపురినుండి పాలించిన కాలాన, ‘మహాతలవర’ అన్నది గొప్ప బిరుదు. నాగార్జునకొండ శాసనాలలో ఆ బిరుదు వహించినవారు రాజకుటుంబంతో వియ్యమందగలిగినవారు. ఆ తలవరే కాలక్రమాన తలారి అయినాడని పండితులంటారు. గ్రామంలో అతడు కావలివాడు. పంటకూ పొలిమేరకూ కాపు. కథలలో మాత్రం రాజాజ్ఞపై తల నరికేవాడు. కాచే చేతికీ, వధించే చేతికీ ఒకే పేరు పెట్టిన సమాజం, ఆ రెండవ పని తానే చేయిస్తున్నానని ఏనాడూ ఒప్పుకోలేదు.

విద్యార్థులందరికీ తెలిసిన హరిశ్చంద్రుని కథే చూడండి. కాశీరాజు కుమారుని చంపినదన్న నింద మోపి చంద్రమతికి మరణదండన విధించినప్పుడు, వీరబాహుని దాసుడై కత్తి ఎత్తినవాడు ఆమె భర్తే. నాటకం చూసేవారు కంటతడి పెడతారేగాని అతనిని ఏవగించుకోరు. అతడు చక్రవర్తి అని వారికి తెలుసు. వీరబాహుని కొలువులోని మరొక సేవకుడు ఆ కత్తి పట్టి ఉంటే? అతడూ ఆజ్ఞాబద్ధుడే కదా! కాని అతని కోసం పద్యం పాడేవారెవరు?

కథ అటుంచి చరిత్రకు వస్తే, ఆదిలాబాదు రైతాంగ పోరాటంలో పాల్గొన్న భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి కాలంలో, హైదరాబాదు ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. ఆ ఇద్దరి పేర్లు జనం నోట నిలిచినవి. క్షమాభిక్ష నిరాకరించిన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పేరు చరిత్రలో ఉన్నది. మీట లాగిన చేతిని ఎవరూ తలచుకోరు. న్యాయమూర్తి వ్రాసినది తీర్పు, రాష్ట్రపతి చేసినది సంతకం. చంపినవాడు మాత్రం తలారి! ఈ పంపకం అందరికీ సుఖంగానే ఉన్నది, ఒక్క తలారికి తప్ప.

ఆ చేతికి నోరు వస్తే ఏమంటుందో ఇంగ్లండులో ఒకసారి వినబడినది. ఆల్బర్ట్ పియర్‌పాయింట్ తండ్రీ, పెదతండ్రీ కూడ తలారులే. ఖైదీ బరువునుబట్టి తాడు పొడవు నిర్ణయించడంలో అతడు దిట్ట. నాలుగు వందలకు పైగా మనుష్యులను ఉరితీసి, 1956లో కొలువు విడిచాడు. విడిచినది పశ్చాత్తాపంతో కాదు, ప్రతిఫలం దగ్గర వచ్చిన తగవుతో. అటువంటి మనిషే 1974లో వెలువడిన ఆత్మకథలో, తాను వేసిన ఉరులవల్ల ప్రతీకారం తప్ప సాధించినది ఏదీ లేదని వ్రాసుకొన్నాడు. ఏ తత్త్వవేత్త వాదనకన్నా ఈ పనివాని మాటకే బరువెక్కువ.

మన దేశంలో 2020 మార్చి 20న తిహార్ జైలులో నలుగురిని ఉరితీశారు. వారి నేరం ఘోరమైనది. ఉరి కావాలని వీథులలో గొంతెత్తినవారు వేలకు వేలు. ఆ తెల్లవారుజామున జైలు వెలుపల కొందరు సంబరం కూడ చేసుకొన్నారు. తాడు తగిలించడానికి మాత్రం మీరట్‌నుండి ఒక మనిషిని పిలిపించవలసి వచ్చినది.