విడిది మందు కాదు

మధ్యధరా సముద్రపు క్రీట్ దీవిలో, పల్లె నడుమ ఒక అందమైన విడిది గృహంలో వారం రోజులు గడిపితే ఆయుష్షు పెరుగుతుందని నమ్మేవారున్నారు. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాకు చెందిన లక్నవరం చెరువు కాటేజీలను గురించి కూడా అదే మాట వింటున్నాము. ఈ నమ్మకం తప్పు.

1958లో ఆన్సెల్ కీస్ ఆరంభించిన ఏడు దేశాల అధ్యయనంలో క్రీట్ గ్రామీణులకు గుండెజబ్బు మరణాలు అతి తక్కువని తేలింది. వారు విడిదిలో సేదతీరినవారు కారు. పొలాల్లో శ్రమించి పప్పుధాన్యాలు, ఆకుకూరలు, ఆలివ్ నూనె తిన్నవారు. మన జనగామ, మహబూబాబాద్ మెట్టపల్లెల జొన్నరొట్టె, పెసలు, ఉలవలు, ఆకుకూరలు ఆ కోవలోనివే. వాటిని ఇంట విడిచి, కాటేజీలో వేపుళ్లు, మద్యం సేవించి దానిని ఆరోగ్యయాత్ర అనడం ఆత్మవంచన.

అసలు ప్రమాదం వేరు. గోదావరి అడవి ప్రాంతాలకు ఫాల్సిపారం మలేరియా కొత్త కాదు. దానిని మోసే అనాఫిలిస్ దోమ ముఖ్యంగా రాత్రివేళ కుడుతుంది. కిటికీకి అద్దం బిగించిన యజమాని మంచానికి దోమతెర ఎందుకు కట్టడు? అడగండి. తిరిగివచ్చిన నెలలోపు జ్వరం వస్తే అడవిలో బస చేసిన సంగతి వైద్యునికి చెప్పి, ఆనాడే రక్తపరీక్ష చేయించుకోండి. ఆలస్యమైతే అది మెదడుకు సోకి ప్రాణం తీయగలదు.

విహారానికి తప్పక వెళ్లండి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి.