దూరం అంటే కోపం కాదని పిల్లలకు చెబుదాం

2020లో, కరోనా కాలంలో, జూన్ 8 నుంచి ప్రార్థనా మందిరాలు తెరుచుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. మట్టల ఆదివారాన్నీ, మంచి శుక్రవారాన్నీ, ఏప్రిల్ 12న ఈస్టరునూ ఇళ్లలోనే గడిపిన సంఘాలకు అప్పట్లో అది సంతోషకరమైన వార్తే. అయితే 65 ఏళ్లు దాటినవారూ, గర్భిణులూ, ఇతర జబ్బులున్నవారూ, 10 ఏళ్లలోపు పిల్లలూ ఇంట్లోనే ఉండడం మంచిదని అదే ప్రకటన సలహా ఇచ్చింది. బయట ఎక్కడైనా మనిషికీ మనిషికీ మధ్య 6 అడుగుల దూరం ఉండాలన్నది అప్పటి నియమం. పెద్దలకు ఇది అర్థమవుతుంది. మరి పిల్లల సంగతి?

నాలుగేళ్ల పాపకు వైరస్ కనబడదు. నిన్నటిదాకా చేతులు చాచి ఎత్తుకున్న పక్కింటి అత్త ఇవాళ ఒక అడుగు వెనక్కి వేయడం మాత్రం కనబడుతుంది. 2 నుంచి 7 ఏళ్ల వయసు పిల్లలు కళ్లకు కనిపించేదాన్ని పట్టుకునే ఆలోచిస్తారనీ, అన్నిటినీ తమ వైపు నుంచే చూస్తారనీ స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే వివరించారు. కాబట్టి ఆ పాప "అత్తకు నా మీద కోపం వచ్చింది, నేనేదో తప్పు చేశాను" అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఎన్ని జాగ్రత్తలు వల్లె వేయించినా ఈ బాధ తీరదు. "దగ్గరికెళ్తే చచ్చిపోతావు" అని బెదిరిస్తే భయం కూడా తోడవుతుంది.

పిల్లలకు బాగా తెలిసిన భాష ఆట. మామూలప్పుడు ఒక్క నిమిషం కుదురుగా ఉండని పిల్లవాడు ఆటలో మాత్రం నియమాన్ని ఇష్టంగా పాటిస్తాడు. రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ ఆటకు అంత విలువ ఇచ్చింది ఇందుకే. ఐక్యరాజ్యసమితి సంస్థలూ, ఇతర సహాయ సంస్థలూ కలిసి 2020 ఏప్రిల్‌లో పిల్లల కోసం ఒక కథల పుస్తకం తెచ్చాయి. అందులో సారా అనే పాప ఏరియో అనే ఎగిరే జీవితో లోకమంతా తిరుగుతూ, కరోనా నుంచి ఎలా కాపాడుకోవాలో తోటి పిల్లలకు చెబుతుంది.

మనకు పుస్తకం లేకపోయినా ఫరవాలేదు. వాకిట్లో సుద్దముక్కతో గుండ్రాలు గీసి, ఒక్కొక్కటీ ఒక పడవ అనండి. చుట్టూ ఉన్నదంతా సముద్రం. పడవలు గుద్దుకోకూడదు, కానీ ఒక పడవలోంచి మరో పడవకు చెయ్యి ఊపవచ్చు, కేకేసి కబుర్లు చెప్పవచ్చు. 6 అడుగులంటే ఎంతో చూపించడానికి మంచం పొడవు చాలు. "మన మధ్య కనబడని మంచం ఉంది, దాని మీద బొమ్మ నిద్రపోతోంది, లేపకూడదు" అంటే పిల్లలు నవ్వుతూనే దూరం పాటిస్తారు. బొమ్మకు జ్వరం వచ్చిందని ఆడిస్తే, వాళ్ల మనసులోని భయమేమిటో వాళ్ల నోటనే బయటపడుతుంది. అప్పుడు మనం వినాలి. పిల్లవాడు మరచిపోయి దగ్గరికి పరుగెత్తితే నలుగురిలో కసరకండి. "అయ్యో, పడవలు గుద్దుకున్నాయి, వెనక్కి తిప్పుదాం" అంటే సరిపోతుంది. ఆట ముగిశాక, ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోతే, బిడ్డను దగ్గరకు తీసుకోండి. దూరం ఆ ఆటకే గానీ అమ్మానాన్నల ప్రేమకు కాదని వాళ్లకు తెలియాలి.

మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే "సామాజిక దూరం" అనడం మాని "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టింది. మనుషులు శరీరాలతో ఎడంగా ఉన్నా బంధాలు తెగకూడదన్నదే దాని ఉద్దేశం. మన ఊళ్లలో ఈ తేడాకు ఇంకా బరువుంది. దూరంగా నిలబడమన్న మాటతో తరతరాలుగా అవమానపడినవారు మన సంఘాల్లోనే ఎందరో ఉన్నారు. అందుకే "వాళ్లను ముట్టుకోకు, వాళ్లు మురికి" అనే మాట ఏ బిడ్డ చెవినీ పడకూడదు. ఎదుటివారు చెడ్డవారని కాదు, వారికి జబ్బు రాకూడదని మనం ఎడంగా ఉంటాం. ఆటలో కూడా ఎవరినీ "కరోనా" చేసి తరమకండి.

సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ వారం మీ తరగతి పిల్లలకు ఫోన్ చేయండి. వాళ్ల పడవ ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. మందిరానికి రాలేని అమ్మమ్మకు కిటికీలోంచి చెయ్యి ఊపి రమ్మనండి. తమను ఎవరూ మరచిపోలేదని ఆ ఇద్దరికీ తెలుస్తుంది.