ముక్కలు పడేయడమే నేర్పు

“రమ్మీ జూదం కాదు, నేర్పుతో ఆడే ఆట. సుప్రీంకోర్టే చెప్పింది.” మా మండపేటలో ఈ మాట వినిపించని టీకొట్టు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నేర్పు, అదృష్టం అన్న భేదం చూడకుండా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక ఈ వాదానికి పదును పెరిగింది. పద్యంలో ఒక పాదం చదివి తాత్పర్యం చెప్పబోయిన పిల్లవాణ్ణి నేను ఏనాడూ ఊరకే కూర్చోనివ్వలేదు. పెద్దలను మాత్రం ఎందుకు విడిచిపెట్టాలి?

ఆ తీర్పు 1967 నాటిది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన వ్యాజ్యం. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది విడవాలో తెలియాలి, కనుక రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదని న్యాయస్థానం అన్నమాట నిజమే. కానీ అదే తీర్పులో మరొక పాదం ఉంది: పందెం కట్టి ఆడే ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం తీస్తున్నట్లు రుజువైతే నేరం నిలుస్తుంది. మన వాదులు ఈ పాదం దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మూసేస్తారు.

సరే, నేర్పు ఉందనే ఒప్పుకుందాం. ఎక్కడ ఉంది? మంచి ముక్కలు పడితే ఎవడైనా ఆడతాడు. చెత్త పడితే ఎవడైనా పడేస్తాడు. నేర్పుకు పరీక్ష అటూ ఇటూ కాని నడిమి చేతిలోనే. లైఫ్ పడలేదు, ఒక జోకరుంది, రెండు ముక్కలు కలిసేలా ఉన్నాయి. ఆడాలా, పడేయాలా?

లెక్క వేద్దాం. ఇద్దరాడుతున్నారు, పాయింటుకు రూపాయి. మొదటే పడేస్తే 20 పోతాయి. అటువంటి చేతితో ఆడి గెలిస్తే సగటున 30 వస్తాయనీ, ఓడితే 50 పోతాయనీ అనుకుందాం. ఎనిమిదాటల్లో మూడు గెలిస్తే 90 వస్తాయి, అయిదు ఓడితే 250 పోతాయి. నష్టం 160. ఎనిమిదిసార్లూ పడేసినా నష్టం 160 రూపాయలే! అంటే ఎనిమిదింట మూడుకు మించి గెలవగల చేతినే ఆడాలి. నాలుగు గెలిచినా పోయేది 80. నడిమి చేతిలో నేర్పు చేసే పని ఇంతే: పోయేదాన్ని తగ్గిస్తుంది.

పోకరులో ఇంకొక వెసులుబాటుంది. పందెం పెంచకుండా ‘చెక్’ అని ఊరుకోవచ్చు. నడిమి చేతితో పందెం కడితే మనకంటే తక్కువ ముక్కలవాడు తప్పుకుంటాడు, ఎక్కువ ముక్కలవాడు నిలబడతాడు. కాబట్టి తెలిసినవాడు తరచు మౌనం వహిస్తాడు. మన మూడుముక్కలాటలో ఆ మౌనానికీ చోటు లేదు. వంతు వచ్చిందంటే డబ్బు వేయాలి, లేదా లేచిపోవాలి. సంక్రాంతి బరుల పక్క గుడారాల్లో లేచిపోయినవాణ్ణి పిరికివాడంటారు!

రాజమహేంద్రవరంలో నన్నయగారు తెనిగించిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మరచిపోయామా? ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ గణించి చెప్పాడు. అతడి వద్ద నలుడు నేర్చుకున్న అక్షహృదయంలో ఉన్నది లెక్క. అది తెలియకముందు రాజ్యం పోగొట్టుకున్న నలుడు, తెలిశాక పుష్కరునితో ఒక్క పందెం ఆడి, గెలిచి, ఆపాడు. ఆపడం కూడా విద్యలో భాగమే.

“అయితే నేర్పరి గెలుస్తాడు కదా” అంటారు. గెలుస్తాడు. ఎవరి డబ్బు? ముక్కలు పడేయడం రాని కుర్రవాడి డబ్బు. కేవలం అదృష్టమే అయితే ఆ కుర్రవాడికీ ఒకనాడు పాళీ తిరిగేది. ఆట నిజంగా నేర్పుదే అయితే వాడు ఓడడం నిశ్చయం. కాబట్టి మీ నేర్పు వాదం ఎంత నిజమైతే, ఆ కుర్రవాణ్ణి బల్ల దగ్గరకు పిలవడం అంత పెద్ద అన్యాయం. గెలుపులో వంతు తీసుకునే నిర్వాహకుడికి అందరూ వేళకు పడేసి లేచిపోతే గిట్టుబాటు ఉండదు. అందుకే అతడు గెలుపు గురించి ప్రకటనలు వేస్తాడుగాని, లేవడం ఎలాగో నేర్పడు.

పండుగనాడు ఇంటి అరుగుమీద చింతగింజలు పందెం పెట్టి ఆడుకునే రమ్మీని నేను తప్పుపట్టను. దానికి నేర్పనే పేరు తగును. సుప్రీంకోర్టును సాక్షిగా పిలిచేవారు మాత్రం తీర్పు రెండో పాదం కూడా చదివి, అప్పుడు మాట్లాడాలి.