స్థూలకాయం: నింద ఒకరికి, బాధ్యత ఇంటిల్లిపాదికీ

స్థూలకాయం ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'వ్యక్తిగత బాధ్యత' అన్న మాట వినిపిస్తుంది. మాట తప్పు కాదు. కానీ మన సమాజంలో అది నిందకు మారుపేరైంది. లావుగా ఉన్నవారిని తిండిపోతులని తీర్మానించిన నోటితోనే, పంక్తిలో కూర్చున్నప్పుడు 'ఇంకొక్క గారె' అని బలవంతం చేస్తాం.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. ఇంతమందికి ఒక్కసారిగా మనోనిగ్రహం లోపించిందని నేను నమ్మను. మారినవి వంటిల్లు, పని, ప్రయాణం.

బరువు తూచే యంత్రం కన్నా దర్జీ టేపు మనకు ఎక్కువ నిజం చెబుతుంది. భారతీయులలో చూపుకు సన్నగా ఉన్నవారికి సైతం పొట్టలో కొవ్వు పేరుకొని, మధుమేహం, రక్తపోటు త్వరగా వస్తాయి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, శ్వాస మామూలుగా విడిచిన తరువాత కొలవండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. పదేళ్లుగా అదే కొలత ప్యాంటు సరిపోతోందని మురిసిపోయే మగవారు, బెల్టు పొట్ట కిందికి జారిన సంగతి గమనించరు.

ఇక నడక. ఉదయం గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 నుంచి 250 కేలరీలు. 25 గ్రాముల నూనెలోనూ దాదాపు అంతే శక్తి ఉంటుంది. పార్కు నుంచి తిన్నగా టిఫిను హోటలుకు వెళ్లే మిత్రబృందాలు ఈ లెక్క చూసుకుంటే మేలు. అయినా నడక వృథా అని నా అభిప్రాయం కాదు. ఒక్క కిలో తగ్గకపోయినా వ్యాయామం వల్ల రక్తపోటు తగ్గుతుంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది, కండరం నిలుస్తుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఆరోగ్యానికి తప్పనిసరి. బరువు తగ్గడం మాత్రం ప్రధానంగా పళ్లెంలోనే తేలుతుంది.

ఆ పళ్లెం నింపేది ఎవరు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన 2000 కేలరీల నమూనా భోజనంలో నూనెలు, కొవ్వులు రోజుకు 27 గ్రాములు మాత్రమే. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. నెయ్యి, వెన్న కూడా అందులోనివే. ఐదు లీటర్ల డబ్బా నెలలో ఖాళీ అయ్యే ఇంట్లో, ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 100 కేలరీలు అదనంగా చేరుతున్నాయన్నమాట. అదే నమూనాలో పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మనం మాత్రం గుట్టగా అన్నం పెట్టుకొని, కూరను నంజుకుంటాం.

కనుక ఒక్కరికి విడిగా 'డైటింగ్' వంట చేసి, తక్కినవారు వేపుళ్లు తినే పద్ధతి నిలవదు. ముఖ్యంగా ఇల్లాలికి పథ్యం చెప్పి, ఆమె చేతనే అందరికీ పూరీలు వేయించడం అన్యాయం. సరుకులు తెచ్చేవారికి, రుచి పేరిట పేచీపెట్టేవారికి కూడా ఇందులో భాగం ఉంది.

థైరాయిడ్ మీద నెపం వేసేవారికీ ఒక మాట. ఆ గ్రంథి మందగిస్తే పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ చాలా భాగం ఉప్పు, నీరు. వంశపారంపర్యం, స్టెరాయిడ్ల వంటి కొన్ని మందులు మాత్రం నిజంగానే బరువు పెంచుతాయి. అటువంటివారిని దెప్పడం వైద్యం కాదు. దెప్పితే వారు ఆసుపత్రికి రావడమే మానేస్తారు.

ఆసక్తి ఉన్న పాఠకులు ఈ నెల కొత్త నూనె డబ్బా విప్పినప్పుడు దానిపై తేదీ వ్రాసి ఉంచండి. ఖాళీ అయిన రోజున ఇంట్లో అందరూ కలిసి లెక్క చూడండి. లెక్క కట్టే పని ఇంటి యజమాని తీసుకుంటే ఇంకా మంచిది.