పల్లె ఫీడరుకూ ఒక కన్ను కావాలి

వేసవిలో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ముందుగా పోయేది కరెంటు. యాసంగి వరి గింజ పాలు పోసుకునే వేళ అయితే ఆ రాత్రి రైతుకు నిద్ర ఉండదు. బోరు ఆగిపోయింది. తీగ తెగిందా? ఫ్యూజు పోయిందా? ట్రాన్స్‌ఫార్మరే కాలిందా? సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ‘ఫీడరు ట్రిప్పయింది, లైన్‌మన్ చూస్తున్నాడు’ అనే జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. ఆపరేటరుకు తెలిసింది అంతే. లోపం ఏ స్తంభం దగ్గర ఉందో అతనికీ తెలియదు. లైన్‌మన్ టార్చిలైటు పట్టుకుని పొలం గట్ల మీద స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ పోవాలి.

ఈ వెతుకులాటను తగ్గించే పద్ధతి ఉంది. దాన్ని ‘స్కాడా’ అంటారు. సబ్‌స్టేషన్‌లోనూ లైను మీదా ఉన్న బ్రేకర్లకు, స్విచ్చులకు చిన్న యంత్రాలు అమరుస్తారు. ఏ లైనులో ఎంత కరెంటు పోతోంది, వోల్టేజీ ఎంత, ఏ బ్రేకరు ఎన్ని గంటలకు పడిపోయింది అనేవి అవి క్షణాల్లో కంట్రోల్ రూముకు పంపుతాయి. అక్కడ కూర్చున్న ఇంజనీరు తెర మీద చూసి, చెడిన ముక్కను విడదీసి మిగతా ఊళ్లకు సరఫరా ఇవ్వగలడు. పది ఊళ్ల ఫీడరులో ఒక ఊరి దగ్గర తీగ తెగితే పది ఊళ్లూ తెల్లవార్లూ చీకట్లో ఉండనక్కర లేదు.

పెద్ద లైన్లకు ఈ కన్ను ఎప్పుడో వచ్చింది. హైదరాబాదులోని లోడ్ డిస్పాచ్ కేంద్రం రాష్ట్రంలోని పెద్ద సబ్‌స్టేషన్లను, విద్యుత్ కేంద్రాలను ఇలాగే చూస్తుంది. దక్షిణాది గ్రిడ్ మొత్తాన్ని బెంగళూరు కేంద్రం చూస్తుంది. కాని పల్లెకు కరెంటు తెచ్చేది 11 కె.వి. ఫీడరు. దాని దగ్గరికి వచ్చేసరికే చూపు మందగిస్తుంది.

ఇందుకు ఒక కారణం లెక్కలోనే ఉంది. పంపిణీ వ్యవస్థను బాగుచేయడానికి కేంద్రం 2008లో తెచ్చిన పథకంలో 30 వేల జనాభా దాటిన పట్టణాలకు కంప్యూటర్ లెక్కలు ఇచ్చారు. స్కాడాను మాత్రం 4 లక్షల జనాభా, దానికి తోడు ఏడాదికి 35 కోట్ల యూనిట్ల వాడకం ఉన్న నగరాలకే పరిమితం చేశారు. 2011 జనాభా లెక్కల్లో సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష దాటాయి. కోదాడ అంతకూడా లేదు. మూడూ ఆ గీతకు చాలా దూరంలో ఉండిపోయాయి.

తప్పు ఆ కొలబద్దలోనే ఉంది. తలలు లెక్కపెడితే పల్లె చిన్నదే. మోటార్లు లెక్కపెడితే చిన్నది కాదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులు, సూర్యాపేట బోరుబావులు, కోదాడ ప్రాంతపు వరిపొలాలు అన్నీ ఈ ఫీడర్ల మీదే నడవాలి. పైగా మిర్యాలగూడకు దగ్గర్లోనే, దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం వెలిసింది. కరెంటు పుట్టే చోటికి కూతవేటు దూరంలో కరెంటు ఎక్కడ ఆగిందో తెలియకపోతే అది దీపం కింద చీకటే.

ప్రభుత్వ నియమాలూ ఈ మాటకే బలమిస్తున్నాయి. 2020 డిసెంబరు చివరలో కేంద్రం ప్రకటించిన వినియోగదారుల హక్కుల నియమాల్లో, అంతరాయాలను గమనించి సరఫరా పునరుద్ధరించడానికి వీలైనంతవరకు స్వయంచాలక పరికరాలు వాడాలని ఉంది. ఆ నియమం నగరాలకు వేరుగా, పల్లెలకు వేరుగా రాసింది కాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ప్రకటించారు. ఇచ్చింది ఎన్ని గంటలన్న వాదన ఏటా లేస్తూనే ఉంటుంది. ఫీడరు దగ్గర యంత్రం రాసిన చిట్టా ఉంటే, దాన్ని ఊరివాళ్లు చూడగలిగితే, ఆ వాదన ఒక్క పూటలో తేలుతుంది.

అయితే యంత్రం పెట్టగానే సమస్తం చక్కబడుతుందనుకోవడం పొరపాటు. తెగిన 11 కె.వి. తీగ ఎండిన నేల మీద పడితే భూమిలోకి పోయే కరెంటు తక్కువగా ఉండి ఒక్కోసారి బ్రేకరు పడదు. అప్పుడు తెర మీద అంతా సవ్యంగానే కనబడుతుంది, పొలంలో మృత్యువు పొంచి ఉంటుంది. కనుక తెగిపడిన తీగ దరిదాపులకు పోకుండా 1912కు ఫోన్ చేయడం ఎప్పటికీ తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తామే వేసుకునే అలవాటు కూడా పోవాలి. కరెంటు రాగానే ఆటోస్టార్టర్లతో మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారాన్ని ఏ స్కాడా ఆపలేదు. అది రైతుల చేతిలోని పని.

లైన్‌మన్ ప్రాణం సంగతి మరీ ముఖ్యం. స్తంభం ఎక్కేముందు అతడు ‘లైన్ క్లియర్’ తీసుకుంటాడు. ఇవాళ అది సబ్‌స్టేషన్ ఆపరేటరు మాట మీద, పుస్తకంలో రాత మీద ఆధారపడి ఉంటుంది. రేపు ఎక్కడో దూరాన ఉన్న మనిషి మీట నొక్కితే లైను మీదికి కరెంటు వస్తుంది. అందుకే లైన్ క్లియర్ ఇచ్చిన ఫీడరును దూరం నుంచి ఎవరూ కలపలేకుండా సబ్‌స్టేషన్‌లోనే తాళం పడాలి. ఇళ్ల ఇన్వర్టర్ల నుంచి, జనరేటర్ల నుంచి వెనక్కి వచ్చే కరెంటుకు విరుగుడుగా పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. యంత్రం వచ్చిందన్న సాకుతో లైన్‌మన్ల సంఖ్య తగ్గించకూడదు. తెర మీద లోపం కనబడుతుంది కాని, తెగిన తీగను కట్టేది మనిషే.

విద్యుత్ పంపిణీ సంస్థ చేయవలసింది పెద్ద లెక్క కాదు. జనాభాను బట్టి కాక మోటార్లను, మిల్లులను, ఏడాదిలో పడిన అంతరాయాలను బట్టి ముందుగా ఏ ఫీడర్లకు ఈ పరికరాలు కావాలో వరుస రాయాలి. ఆ జాబితాను గ్రామపంచాయతీ గోడ మీద అంటించాలి. పెట్టిన పరికరాలకు బ్యాటరీలు మార్చే మనిషిని, డబ్బును కూడా అప్పుడే కేటాయించాలి. బ్యాటరీ దిగిపోయిన యంత్రం గోడకు కొట్టిన డబ్బాయే. బిల్లు వసూలుకు పల్లెలో ప్రతి మీటరూ కనబడుతోంది. లోపం వచ్చినప్పుడు ఆ పల్లె లైను కూడా అంతే స్పష్టంగా కనబడాలి.